పుట్టిన ఊరి వాన

కాజాలక్క పొద్దున్నే టైలరు షాపుకి రాగానే చేసే మొదటి పని, మిషను మీద దుమ్ము తుడవడం. ఆ దుమ్ము వీధిలోంచి వచ్చింది కాదు. ఆవిడ వెంటే వస్తుంది. ఎండాకాలమంతా ఆవిడ జుట్టు మీదా భుజాల మీదా ఇటుకరంగు పొడి సన్నగా రాలుతూనే ఉంటుంది. ఆ ఎండలు ముదిరాక వాన. అదీ ఆవిడ ఒక్కదాని మీదే, మనిషి పట్టేంత మేర.

అది ఆవిడ పుట్టిన ఊరి వాతావరణం. బతుకుతెరువు వెతుక్కుంటూ ఊరు మారినవాళ్లకి ఈ బాధ లేదు. కట్టుబట్టలతో పారిపోవాల్సి వచ్చినవాళ్ల వెంట మాత్రం ఊరు ఇలా పడుతుంది. లోకంలో అలాంటివాళ్లు తక్కువేం కాదు కాబట్టి ఎవరూ ఆగి చూడరు. వానాకాలం రాగానే షాపు యజమాని ఆవిడ మిషనుకి ఒక గొడుగు కట్టిస్తాడు, తుప్పు పట్టకుండా. "తెల్ల బట్టలు మాత్రం ఆవిడ దగ్గర పెట్టకండర్రా" అని అందరినీ హెచ్చరించి తన పని తను చూసుకుంటాడు. కాజాలు కుట్టడంలో ఆవిడ చేతికి తిరుగులేదు. హెమ్మింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటి మనిషి కాస్త తడిస్తే ఏమైంది?

భర్త లిఫ్టు మెకానిక్కు. ఈ ఊళ్లోనే పుట్టి, ఈ ఊళ్లోనే పెరిగిన పొడి మనిషి. పెళ్లయిన కొత్తలో పరుపు తడిసి ముద్దయితే, "నీతో కాపురమంటే చూరు కింద కాపురమేనే" అని నవ్వాడు. తర్వాత పరుపుకి ప్లాస్టిక్కు తొడుగు ఒకటి కుట్టించాడు. కుట్టింది ఆవిడే అనుకోండి.

ఆవిడకున్న తోబుట్టువు ఒక్కడే, తమ్ముడు. అమ్మ చంకలో ఉండగా ఊరు దాటినవాడు. అక్కా తమ్ముళ్లిద్దరూ ఈ దేశంలోనే పెరిగారు, ఈ దేశపు పౌరులయ్యారు. పెద్దయ్యాక తమ్ముడు సముద్రాలవతల ఇంకో దేశంలో, రేవులో క్రేను నడిపే పనికి వెళ్లాడు. ఎంత దూరంలో ఉన్నా వాన మాత్రం ఇద్దరి మీదా ఒక్కసారే మొదలవుతుంది. తొలిచినుకు పడగానే ఫోను మోగుతుంది.

"అక్కా, నీకూ మొదలైందా?"

"ఇప్పుడేరా. తల తుడుచుకో ముందు."

అంతే, అంతకంటే మాట్లాడుకునేది ఉండదు. చినుకులు పడ్డాయంటే అవతలివాడు బాగానే ఉన్నాడని ఆవిడ లెక్క. ఆ లెక్క ఎంత తప్పో ఈ ఏడు తెలిసొచ్చింది. తమ్ముడి కిడ్నీలు రెండూ చెడిపోయాయి. డయాలసిస్ మీద నెట్టుకొస్తున్నాడు, అదీ ఇక ఎన్నాళ్లో సాగదన్నారు. పరీక్షలు చేస్తే అక్క కిడ్నీ సరిపోతుందని తేలింది. ఆవిడ సరేననడానికి చేతిలో టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

చిక్కల్లా వానతోనే. "బల్ల మీద వాన కురుస్తుంటే నేను కత్తి పట్టుకోలేను. ఇద్దరూ పొడిగా ఉన్నప్పుడే చెయ్యాలి" అన్నాడు అక్కడి పెద్ద డాక్టరు. పుట్టిన ఊళ్లో వానలు ఒకసారి పట్టుకుంటే నెలల తరబడి వదలవు. అంతవరకు ఆగే ఓపిక మనిషిలో లేదని డాక్టరు వరండాలోకి పిలిచి మరదలితో చెప్పాడు. ఆ పిల్ల ఫోన్లో ఏడుస్తూ ఈవిడకి చెప్పింది. తమ్ముడికి ఎవరూ చెప్పలేదు గానీ, వాడికి తెలియదని ఎవరూ అనుకోలేదు.

భార్యాభర్తలు ఉరుకులు పరుగుల మీద టికెట్లు కొన్నారు. మధ్యలో ఒక దేశంలో విమానం మారాలి. టికెట్లమ్మే ఆవిడ పాస్‌పోర్టుల అట్టలు చూసి, "ఈ పాస్‌పోర్టుకి అక్కడ వీసా అక్కర్లేదు. దిగడం, ఎక్కడం అంతే" అంది. అట్ట తిప్పితే లోపల పుట్టిన చోటు అనే గడి ఒకటి ఉంటుందని ఆవిడకీ తోచలేదు, వీళ్లకీ తోచలేదు. ఇన్నేళ్లుగా ఇక్కడి మనిషిగానే బతికిన కాజాలక్కకి, దుమ్ము దులుపుకున్నప్పుడు తప్ప, తను ఇక్కడ పుట్టలేదన్న సంగతి గుర్తే రాదు.

విమానం దిగాక పొడవాటి హాలు. రెండో విమానం ఇంకో భవనం నుంచి బయల్దేరుతుంది. అక్కడికి వెళ్లే బస్సెక్కాలంటే హాలు చివరి గాజు గుమ్మం దాటాలి. గుమ్మం ముందు వరుసగా కౌంటర్లు. గోడ మీద పెద్ద బోర్డు. లిఫ్టు మెకానిక్కుకి ఎక్కడ ఏం రాసున్నా చదివే అలవాటు, పనిలోంచి వచ్చింది. అతను పైకే చదువుతూ పోయి, మధ్యలో ఆగిపోయాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదులే."

ఆవిడే చదివింది. తమ దేశపు పౌరులకి వీసా లేకుండా విమానం మారే వెసులుబాటు ఉంది. కానీ కింద రాసిన దేశాల్లో పుట్టినవాళ్లకి, ఇప్పుడు వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదైనా సరే, ఆ వెసులుబాటు లేదు. ఆ కింద రాసిన దేశాల్లో ఆవిడ పారిపోయి వచ్చిన దేశం ఉంది.

వెనక్కి తిరుగుదామంటే వెనక జనం. ఆవిడ తెలియకుండానే భుజాల మీది ఇటుకరంగు దుమ్ము గబగబా దులుపుకుంది. అది కాస్తా ముందున్న మనిషి తెల్లచొక్కా మీద పడింది.

మొదటి కౌంటర్లో ఒక పడుచు అధికారిణి. భర్త పాస్‌పోర్టు మీద ముద్ర టక్కున పడింది. ఆవిడ పాస్‌పోర్టు తెరిచి, ఆ గడి దగ్గర వేలు ఆపి, "మీరు అక్కడ కూర్చోండి" అంది. పాస్‌పోర్టు తిరిగి ఇవ్వలేదు.

"మేడం, ఆవిడ నా భార్య. మా ఊరి మనిషే. మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు" అన్నాడు భర్త.

"ఇక్కడ మీ వీధి లేదు సార్. మీరు దాటొచ్చు. ఆవిడ కూర్చోవాలి."

"నేను దాటి ఏం చెయ్యను? ఇవ్వాల్సిన కిడ్నీ ఆవిడ దగ్గరుంటే!"

అధికారిణి ఆ మాటకి నవ్వలేదు, కోప్పడలేదు. తర్వాత మనిషిని పిలిచింది. అదే ఎక్కువ భయపెట్టింది.

కిటికీల్లేని గోడ వారగా బెంచీలు. అక్కడ కూర్చున్నవాళ్లందరి మీదా ఏదో ఒకటి పడుతూనే ఉంది. ఒక ముసలాయన టోపీ మీద మంచు సన్నగా రాలుతోంది. అవతల కూర్చున్న అమ్మాయి జుట్టు గాలి లేని ఆ హాల్లో ఆగకుండా ఎగురుతోంది. ఆవిడ బెంచీ మీద కూర్చోగానే ముసలాయన కాస్త పక్కకి జరిగాడు.

"మంచు తగిలితే ఏమీ అనుకోకమ్మా."

"మా దుమ్ము మీకు పడుతోంది బాబాయ్ గారూ. ఇక్కడినుంచి ఎటు పంపిస్తారు మనల్ని?"

"పాస్‌పోర్టు ఇచ్చిన దేశానికి పంపిస్తారని కొందరంటారు. పుట్టిన దేశానికే పంపిస్తారని ఇంకొందరంటారు. పిలిచినవాళ్లు మళ్లీ ఈ బెంచీకి రాలేదు, అడుగుదామంటే. కూర్చున్నంతసేపు మాత్రం ఏ బాధా లేదమ్మా. లెమ్మనేవాడుండడు, పొమ్మనేవాడుండడు. నేనూ అందుకే పిలవకపోయినా ఊరుకుంటున్నా."

పుట్టిన దేశానికి. ఆవిడకి ఆ ఊరి గురించి గుర్తున్నది తక్కువ. తలుపు బాదిన చప్పుడు, అమ్మ నోటి మీద పెట్టిన చెయ్యి, వెనక దొడ్లోంచి పరుగు. ఆ చెయ్యి బిగువు ఇప్పుడు మళ్లీ మూతి మీద తగిలినట్టయి ఆవిడకి ఊపిరాడలేదు. భర్త పక్కనే కూర్చుని, వానలకని వెంట తెచ్చిన ఆవిడ పెద్ద గొడుగుని రెండు చేతులా పట్టుకున్నాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్లని నవ్విస్తూ కూర్చోవడం అతని వృత్తిధర్మం. ఇవాళ అతనికి ఒక్క జోకూ అందలేదు.

ఫోను మోగింది.

"అక్కా, ఎక్కడిదాకా వచ్చారు? ఇక్కడ ఎందుకో వేడి తగ్గినట్టుంది. నీకూ అలాగే ఉందా? మబ్బు పట్టిందంటావా?"

ఆవిడ మెడ మీద కూడా చల్లగా తగిలి అప్పటికే కాసేపయింది. చెయ్యెత్తి చూస్తే, తల మీద ఎప్పుడూ ఉండే ఎండ చురుకు లేదు.

"నాకేం లేదురా. నీ గదిలో ఏసీ పెంచి ఉంటారు. దుప్పటి కప్పుకుని పడుకో, వచ్చేస్తున్నాం" అంది.

అప్పుడు పిలిచారు. చివరి కౌంటరు. అక్కడ కూర్చున్నాయన నడివయసు మనిషి, గొంతు దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. ఇంతసేపూ బెంచీ మీంచి ఆవిడ చూస్తూనే ఉంది. ఎవరు వచ్చినా పోయినా ఆయన ఒక పసుపు గుడ్డతో బల్ల తుడుస్తూనే ఉన్నాడు. శుభ్రం పిచ్చి కాబోలు అనుకుంది. పక్క కౌంటరు వాళ్లు కూడా అలాగే అనుకుంటున్నట్టుంది, ఎవరూ పట్టించుకోలేదు.

"ఎందుకు వెళ్తున్నారు?"

ఆవిడ చెప్పింది. తమ్ముడు, కిడ్నీ, పొడిరోజు, పెద్ద డాక్టరు. చెబుతుంటే తనకే అది కట్టుకథలా వినిపించింది. "మబ్బు పట్టేసింది సార్. ఇవాళో రేపో వాన పడిపోతుంది. వెనక్కి పంపిస్తే వాడు దక్కడు. ఆ దేశానికి పంపిస్తే నేనూ దక్కను."

పసుపు గుడ్డాయన బల్ల తుడవడం ఆపాడు. ఒక్కసారి పక్క కౌంటర్ల వైపు చూసి, పాస్‌పోర్టులోకి తల వంచి, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు.

"అది ఉత్త మబ్బు. కంగారు పడకండి. ఇటుక బట్టీల మీంచి గాలి ఇంకా తిరగలేదు. పొగవాసన పోయాక గానీ వాన రాదు. మీ ఆపరేషను అయిపోయేదాకా ఆగుతుంది."

ఆవిడ వెంటనే గ్రహించలేదు, ఆయన అన్నది చిన్నప్పుడు వదిలేసిన తమ భాషలోనని. గ్రహించాక బల్ల వైపు చూసింది. తుడవడం ఆపిన ఆ కాస్త సేపట్లోనే దాని మీద ఇటుకరంగు పొడి పల్చగా పరుచుకుంది. ఆవిడ భుజాల మీంచి అంత దూరం పడదు. ఆ పొడి ఆయన టోపీ అంచు మీంచి రాలుతోంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన కళ్లలోనూ అదే భయం ఉంది. ఇంకా పాతది, ఇంకా బాగా అణిచిపెట్టుకున్నది. ఆవిడ చెయ్యి చాపి, తన కొంగు దులుపుకున్నంత మామూలుగా ఆ బల్ల మీది పొడిని అరచేత్తో ఊడ్చేసింది.

ఆయన పసుపు గుడ్డ పక్కన పెట్టి, ఈసారి అందరికీ వినిపించేలా ఆఫీసు గొంతుతో చెప్పాడు. "నా పూచీ మీద అనుమతి ఇస్తున్నాను. మీరు తిరుగు ప్రయాణంలో ఇదే గుమ్మం దాటాలి. మీరు దాటేదాకా పూచీ ఇచ్చినవాడు ఈ కుర్చీ వదలకూడదు, సెలవు పెట్టకూడదు. అది రూలు. అర్థమైందా?"

"అర్థమైంది సార్." నిజానికి ఆవిడకి ముద్ర చప్పుడు తప్ప ఏమీ అర్థం కాలేదు.

"ఆ గొడుగు ఇక్కడ పెట్టి వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు తీసుకోవచ్చు."

భర్త ఏదో అనబోయాడు. ఆవిడ అతని చేతిలోంచి గొడుగు లాక్కుని బల్ల మీద పెట్టేసింది. గుమ్మం తెరుచుకుంది. బస్సెక్కాక గానీ ఆవిడకి ఏడుపు రాలేదు.

ఆయన చెప్పినట్టే జరిగింది. మబ్బు వచ్చినట్టే వచ్చి విడిపోయింది. అక్కా తమ్ముళ్లిద్దరినీ బల్ల ఎక్కించిన రోజున వాళ్ల మీద పడింది కాస్త దుమ్మే. దాన్ని నర్సులు తడిగుడ్డలతో తుడిచి తుడిచి, పైన గొట్టంతో పీల్చి, పని కానిచ్చారు. అక్క కిడ్నీ తమ్ముడి ఒంట్లో కుదురుకుంది. కుట్లు చూసి కాజాలక్క, "డాక్టరు చెయ్యి మంచిదే గానీ కుట్టు కాస్త ఎడం" అని నవ్వింది. భర్త ఆ నవ్వు కోసం ఎన్నాళ్లుగానో మొహం వాచి ఉన్నాడు.

కుట్లు మానుతుండగా ఒక సాయంత్రం ఆవిడకి ఎండాకాలమంతా ముక్కులో ఉండే పొగవాసన పోయింది. పక్క గదిలోంచి తమ్ముడి కేక వినిపించింది. "అక్కా, నీకూ మొదలైందా?"

చినుకు, ఆ వెంటనే కుండపోత. మరదలు పరిగెత్తుకొచ్చి మంచాల మీద ప్లాస్టిక్కు పట్టా కప్పింది. ఆవిడ అలవాటుగా మంచం పక్కన గొడుగు కోసం తడిమి, ఆగిపోయింది.

"ఏమండీ, ఆ హాల్లో వేరే ఎవరి గొడుగైనా ఆపారా?"

"లేదే. నా ముందు బస్సెక్కినావిడ చేతిలోనూ ఉంది. అప్పుడే చెప్దామనుకున్నా, నువ్వు వినిపించుకుంటేగా."

అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆ పసుపు గుడ్డాయన ఏటా ఈ వానలకి ముందే సెలవు పెట్టి ఎక్కడో తలదాచుకుని ఉంటాడు. ఈ ఏడు కుర్చీ వదలడానికి లేదు. ఇదే వాన, ఇదే నిమిషాన, ఆ గాజు గుమ్మం ముందు, అందరూ చూస్తుండగా ఆయన మీద పడుతోంది. అదంతా తెలిసే ఆయన ముద్ర వేశాడు. తెలిసే గొడుగు అడిగాడు.

ఇక ఆవిడ ఆగలేదు. తను గుమ్మం దాటితేనే ఆయనకి కుర్చీ నుంచి విడుదల అని ఒకటే తొందర. డాక్టరుతో పోట్లాడి, తమ్ముడు వరండాలో నాలుగడుగులు వేయడం కళ్లారా చూసి, వాడు తడి చేతులతో కావలించుకుంటే విడిపించుకుని మరీ బయల్దేరింది.

హాల్లోకి రాగానే దూరం నుంచే కనిపించింది. చివరి కౌంటరు గాజు వెనక పెద్ద గొడుగు విప్పి ఉంది. దాని కింద పసుపు గుడ్డాయన. గొడుగు అంచుల నుంచి నీళ్లు కారి కౌంటరు కిందనుంచి పారుతున్నాయి. ఆయన ఎదుట వరస లేదు. వెనక మాత్రం ఇద్దరు కాపలావాళ్లు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు.

టోపీ మీద మంచుతో ముసలాయన ఇంకా అదే బెంచీ మీద ఉన్నాడు. ఆవిడని చూసి తలూపి, మెల్లగా చెప్పాడు. "వచ్చావా అమ్మా. నీకోసమే కాచుకున్నారు వాళ్లు. ఉద్యోగంలో చేరేటప్పుడు పుట్టిన చోటు దాచాడట. పట్టుకుపోయి పుట్టిన దేశానికి పంపిస్తారట. కాకపోతే పూచీ ఉన్నంతకాలం కుర్చీలోంచి లేపకూడదు. నువ్వు గుమ్మం దాటావో, ఆ నిమిషాన లేపేస్తారు."

కాజాలక్క నిలబడ్డచోటే నిలబడిపోయింది. ఇంత తొందరపడి వచ్చింది ఇందుకా! కాసేపటికి అడుగులో అడుగు వేసుకుంటూ కౌంటరు దగ్గరికి వెళ్లింది. ఆయన చిక్కిపోయాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అయినా ఆవిడని చూసి కళ్లు విప్పార్చాడు.

"మీ తమ్ముడు?" అన్నాడు, తమ భాషలోనే, ఈసారి గొంతు దాచుకోకుండా.

"తడుస్తున్నాడు. బ్రహ్మాండంగా తడుస్తున్నాడు."

ఆయన గట్టిగా ఊపిరి వదిలి, ముద్ర తీసి పక్కన పెట్టుకుని, చెయ్యి చాపాడు. "అయితే సరే. పాస్‌పోర్టు ఇవ్వండమ్మా. మీ విమానానికి టైమవుతోంది. దాటండి."

గోడకి ఆనుకున్న కాపలావాళ్లు నిటారుగా నిలబడ్డారు.

కాజాలక్క గాజు గుమ్మం వైపు చూసింది. దాని అవతల బస్సు, ఆ పైన విమానం, ఇల్లు, మిషను. భర్త వైపు చూసింది. అతను ఆవిడ మొహం చూశాడు, కాపలావాళ్లని చూశాడు, తల గోక్కున్నాడు.

"మన ఊరి లిఫ్టులు కొన్నాళ్లు ఆగితే జనం చచ్చిపోరులే. మెట్లున్నాయిగా" అన్నాడు.

ఆవిడ పాస్‌పోర్టు సంచిలో లోపలికంటా తోసేసింది. బెంచీ దాకా వెళ్లి, ముసలాయన జరిగి ఇచ్చిన చోట కూర్చుని, సూదీ దారం బయటికి తీసింది.

"నాకేం తొందర లేదు సార్" అంది, హాలంతా వినిపించేలా. "వాన వెలిశాక వెళ్తాను."